గుట్ట మీది వానను కింది ఊళ్ల బావుల్లోకి దింపడం ఎలా

ఊరిని ఆనుకుని వందో రెండొందలో మీటర్ల ఎత్తున్న గుట్ట ఉంది. వానలు బాగానే పడతాయి. అయినా వానాకాలం వెళ్లిన మూడు నెలలకే బావులు అడుగంటుతాయి. ఇలాంటి ఊళ్లలో చాలాచోట్ల లోపం వానది కాదు, బోడిగా మిగిలిన వాలుది. దాని మీద పడ్డ నీళ్లు గంటలో ఒర్రెల్లోకి జారి, వాగులో కలిసి, పొలిమేర దాటిపోతాయి. పోతూ పోతూ పైమట్టిని కూడా పట్టుకుపోతాయి. ఆ నీళ్లను గుట్ట మీదే ఎక్కడికక్కడ ఆపి నేలలోకి ఇంకించే పని ఇది. గడ్డపార, పార, తట్ట, మూడు కర్రలు, కొంత తాడు ఉంటే మొదలుపెట్టొచ్చు. యంత్రాల అవసరం చాలా తక్కువ.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. పని గుట్ట నెత్తి నుంచి మొదలై కిందికి దిగాలి. చాలామంది ముందు కింద చెక్‌డ్యాం కట్టేస్తారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. పైన వాలు బోడిగానే ఉంటే ఆ కట్ట వెనక నీళ్లకు బదులు మట్టి నిలుస్తుంది. నాలుగు పెద్ద వానలకే పూడిపోతుంది.

ముందు గుట్ట చుట్టూ తిరగండి

గుట్ట ఒకటే అయినా దాని నీళ్లు అన్ని ఊళ్లకూ ఒకేలా పోవు. నెత్తిన ఉండే గట్టు గీత నీటిని రెండుగా, మూడుగా చీలుస్తుంది. తూర్పు వాలున కందకాలు (నీళ్లు ఆగడానికి వాలుకు అడ్డంగా తీసే పొడుగు గుంటలు) తవ్వి పడమటి ఊరి బావి నిండాలంటే సాధారణంగా జరగదు. అందుకే మొదటి రోజు పని కొలతలు కాదు, నడక. ప్రతి ఊరి నుంచి ఇద్దరు రావాలి. వారిలో ఒకరు పశువులు కాసేవారైతే మంచిది. ఏ ఒర్రె ఎక్కడ పుడుతుందో, ఏ ఊటలో ఎన్నాళ్లు తడి ఉంటుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒక పెద్ద కాగితం మీద గుట్టను పైనుంచి చూసినట్టు గీయండి. గట్టు గీత, ఒర్రెలు, అవి కలిసే చోట్లు, ఊళ్లు, బావులు, బోర్లు, కాలిబాటలు, బండరాయి తేలిన చోట్లు గుర్తుపెట్టండి. ఒక్కో ఒర్రెకు నీళ్లిచ్చే వాలు చుట్టూ గీత గీస్తే ఆ ముక్క ఒక నీటి పరివాహకం అవుతుంది. పనిని ఊరి లెక్కన కాకుండా ఈ ముక్కల లెక్కన పంచుకోవాలి. ఒక ముక్క పైభాగం ఒక ఊరి హద్దులో, కిందిభాగం ఇంకో ఊరి హద్దులో ఉండడం మామూలే. ఆ రెండు ఊళ్లూ కలిసి కూర్చోకపోతే ఆ ముక్కను ముట్టుకోకపోవడమే మేలు. గుట్ట ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని, తవ్వకానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం కూడా ఈ దశలోనే.

వాలు, మట్టి చూసుకోవడం

వాలు కొలవడానికి సరిగ్గా ఒక మీటరు పొడవున్న, వంకర లేని కర్ర, దాని మీద పెట్టడానికి తాపీ పనివాళ్లు వాడే మట్టం చాలు. కర్ర ఒక కొసను నేలకు ఆనించి, మట్టం చూస్తూ కర్రను అడ్డంగా పట్టుకోండి. రెండో కొస నేలకు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉందో అదే వాలు శాతం. 15 సెంటీమీటర్లు ఉంటే 15 శాతం. ఒక్కచోట కొలిచి వదిలేయకుండా పైనా, మధ్యలో, కిందా అయిదారు చోట్ల కొలవాలి.

10 నుంచి 25 శాతం వాలులో కందకాలు బాగా పనిచేస్తాయి. 10 శాతంలోపు ఉంటే అది పొలం గట్ల పని. 25 శాతం దాటితే తవ్వొద్దు. అక్కడ నేలను కదిపితే మేలు కన్నా కోతే ఎక్కువ. ఉన్న గడ్డిని, పొదలను కాపాడి, దొరికిన రాళ్లను వాలుకు అడ్డంగా వరుసగా పేర్చి వదిలేయాలి. ఇళ్లకు సరిగ్గా పైన, నేలలో పగుళ్లు కనిపిస్తున్న బంకమట్టి వాలులోనూ కందకం తవ్వకూడదు. నీళ్లు తాగి బరువెక్కిన మట్టి ఇళ్ల మీదికి జారే ప్రమాదం ఉంది.

మట్టి సంగతి తేలాలంటే అక్కడక్కడా 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంటలు తీయండి. తీస్తుండగానే రాయి తగిలితే అక్కడ కందకం వద్దు, రాతి వరుసలే. పూర్తిలోతు దిగితే గుంట నింపి ఒకసారి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. పొడి నేల మొదటిసారి ఎలాగూ గబగబా తాగేస్తుంది కాబట్టి రెండోసారి కొలతనే నమ్మాలి. గంటకు రెండు మూడు సెంటీమీటర్లు దిగినా అర మీటరు లోతు కందకం ఒక రోజులో ఖాళీ అవుతుంది. అది చాలు.

మట్టపు గీత: ఏ-ఫ్రేమ్ చేసుకోవడం

కందకం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టంలో ఉండాలి. ఒక కొస పది సెంటీమీటర్లు పల్లంగా ఉన్నా నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెంచుకుంటాయి. కంటి అంచనా వాలు మీద ఘోరంగా మోసం చేస్తుంది. ఎంత అనుభవమున్నా పరికరం లేకుండా గీత గీయొద్దు. ఆ పరికరమే ఏ-ఫ్రేమ్, మూడు కర్రలతో ఇంగ్లిష్ A అక్షరంలా కట్టుకునేది.

రెండు మీటర్ల వంకర లేని కర్రలు రెండు, మీటరుంబావు కర్ర ఒకటి తీసుకోండి. పెద్ద కర్రల పైకొసలను కట్టి, కింది కొసలను సరిగ్గా రెండు మీటర్ల ఎడంలో పెట్టండి. చిన్నకర్రను వాటి సగం ఎత్తులో అడ్డంగా బిగించండి. కీళ్లు కదలకుండా తాడు చుట్టడమో, మేకు కొట్టి తాడు చుట్టడమో చేయాలి. పైకొస నుంచి సన్నటి దారానికి పావుకిలో రాయి వేలాడదీయాలి. రాయి అడ్డకర్ర దాటి కిందికి రావాలి, నేలకు తగలకూడదు. రాయి మరీ తేలికైతే గాలికి ఊగుతూనే ఉంటుంది.

ఇప్పుడు దాని మధ్యగుర్తు పెట్టాలి. ఎగుడుదిగుడు నేల మీదైనా పరవాలేదు. రెండు కాళ్లు ఆనిన చోట్ల రెండు మేకులు పాతండి. దారం అడ్డకర్రను ఎక్కడ తాకుతుందో పెన్సిలుతో గీయండి. ఏ-ఫ్రేమ్‌ను తిప్పి ఎడమకాలు ఉన్నచోట కుడికాలు, కుడికాలు ఉన్నచోట ఎడమకాలు పెట్టి మళ్లీ గీయండి. ఆ రెండు గీతలకు నడిమధ్యన పెట్టే గుర్తే మట్టం. దారం ఆ గుర్తు మీద నిలిచిందంటే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు.

ఈ గుర్తు ఒక్క సెంటీమీటరు పక్కకు పోతే రెండు మీటర్ల అడుగుకు రెండు సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. పది అడుగుల్లో 23 సెంటీమీటర్లు, అంటే కందకం లోతులో దాదాపు సగం. దీనికి విరుగుడు నడిపించే తీరులోనే ఉంది. ఏ-ఫ్రేమ్‌ను ఎత్తి ముందుకు జరపకండి. ముందుకాలిని కదలనివ్వకుండా వెనకకాలిని చుట్టూ తిప్పి ముందుకు తీసుకురండి. ఇలా కాళ్లు మారుతూ ఉంటే ఒక అడుగులో వచ్చిన తప్పు తర్వాతి అడుగులో సరిపోతుంది. ఎప్పుడూ అదే కాలు ముందుంటే తప్పు పోగవుతూ పోతుంది. రోజూ పొద్దున, కింద పడ్డ ప్రతిసారీ మధ్యగుర్తు సరిచూసుకోవాలి.

కాలు ఆనిన ప్రతిచోటా సున్నపు గుర్తో చిన్నమేకో పెట్టుకుంటూ పోండి. రాయి మీద, పుట్ట మీద కాలు పెట్టకూడదు. తీరా చూస్తే గీత పాములా మెలికలు తిరిగి ఉంటుంది, అలాగే ఉండాలి. చూడ్డానికి బాగుండాలని దాన్ని తిన్నగా చేస్తే అది మట్టపు గీత కాకుండా పోతుంది. చిన్న వంకరలను మాత్రం కాస్త సర్దుకోవచ్చు.

కందకాలు: లెక్క, తవ్వకం

అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఈ కొలతకు మీటరు పొడవున 250 లీటర్లు పడతాయి. ఒక హెక్టారు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం అయిదు లక్షల లీటర్లు. అందులో 30 శాతం జారిపోతుందనుకుంటే ఆపాల్సింది లక్షన్నర లీటర్లు. దానికి 600 మీటర్ల కందకం కావాలి. మన ముక్క వంద మీటర్లు పొడవు, వంద మీటర్లు వెడల్పు అయితే ఆరు వరుసలు, వరుసకూ వరుసకూ 16, 17 మీటర్ల దూరం. పూర్తి బోడినేలలో జారేది ఇంకా ఎక్కువ, అప్పుడు వరుసలు దగ్గరవుతాయి. తవ్వే మట్టి 150 ఘనపు మీటర్లు. గట్టినేలలో ఒక మనిషి రోజుకు ఒకటి, ఒకటిన్నర ఘనపు మీటర్లు తీస్తాడు కాబట్టి హెక్టారుకు వంద నుంచి నూటయాభై పనిదినాలు పడతాయి. అంత చేయి లేకపోతే 400 మీటర్లే తవ్వండి. కందకం ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అయి సీజనులో మళ్లీ మళ్లీ నిండుతుంది కాబట్టి ఆ పని వృథా పోదు. అయితే అతిపెద్ద వానకు పొంగుతుందని ముందే తెలిసి ఉండాలి.

వాలు పొడవునా ఒకే కందకం తీయడం కన్నా ముక్కలు ముక్కలుగా తీయడం నయం. నాలుగు మీటర్ల కందకం, నాలుగు మీటర్ల ఖాళీ, మళ్లీ నాలుగు మీటర్ల కందకం. కింది వరుసలో కందకం సరిగ్గా పై వరుస ఖాళీకి ఎదురుగా రావాలి, పైన తప్పించుకున్న నీళ్లు కింద దొరుకుతాయి. ఇలా చేస్తే అదే 600 మీటర్లకు 12 వరుసలు వస్తాయి, మధ్య దూరం ఎనిమిది మీటర్లు. మట్టంలో ఎక్కడైనా తప్పు వచ్చినా ఆ నాలుగు మీటర్ల ముక్కే దెబ్బతింటుంది. పొడుగు కందకమే కావాలంటే అయిదు మీటర్లకోసారి అర మీటరు నేలను తవ్వకుండా అడ్డుగోడలా వదలండి.

తీసిన మట్టి కచ్చితంగా పల్లపు వైపే వేయాలి. ఎగువ వైపు వేస్తే తొలివానకే కందకంలోకి దిగుతుంది. పల్లపు వైపున కూడా అంచున వేయకుండా కనీసం 20 సెంటీమీటర్ల నేల వదిలి గట్టు పోయండి. మెత్తమట్టి ఉన్నచోట ఎగువ గోడను నిటారుగా కోయకుండా వాలుగా చెక్కాలి, లేకపోతే అదే విరిగి పడుతుంది. కందకాన్ని ఒర్రెలోకి దించొద్దు, ఒర్రె అంచుకు రెండు మీటర్ల ముందే ఆపండి. పెరిగిన చెట్ల వేళ్లు తెగేచోట కందకాన్ని పక్కకు జరపండి. ఒక్క చెట్టు పట్టి ఉంచే మట్టి అంతా ఇంతా కాదు.

తవ్వకానికి మంచి అదను వానాకాలం పోయి నేలలో ఇంకా చెమ్మ ఉన్నప్పుడు. నడి ఎండాకాలంలో అదే నేల రెట్టింపు శ్రమ పెట్టిస్తుంది. ఎప్పుడు తవ్వినా తొలకరికి నెల ముందే ముగించాలి.

ఒర్రెల్లో రాతి కట్లు

కందకాలు దాటిన నీళ్లు ఒర్రెల్లో కలుస్తాయి. ఇక్కడి పని నీటిని నిల్వ చేయడం కాదు, దాని పరుగు తగ్గించడం. ఉత్త రాళ్లతో, సిమెంటు లేకుండా కట్టిన కట్టు ఇందుకు సరిపోతుంది. సందుల్లోంచి నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది.

ఎత్తు మీటరు దాటనివ్వొద్దు. పైన వెడల్పు 40 సెంటీమీటర్లు, ఎగువ ముఖం మీటరు ఎత్తుకు మీటరు వాలు, దిగువ ముఖం మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు. అంటే అడుగున మూడు మీటర్ల 40 సెంటీమీటర్లు వస్తుంది. అయిదు మీటర్ల వెడల్పున్న ఒర్రెకు పునాది, గాడి రాయి కాకుండానే తొమ్మిదిన్నర ఘనపు మీటర్ల దాకా రాయి కావాలి. ముందు 30 సెంటీమీటర్ల లోతు పునాది తీసి, రెండు ఒడ్డుల్లోకీ అర మీటరు దూరం గాడి తవ్వి రాళ్లను దాని లోపలికి పొదగాలి. ఈ గాడి తీయకపోవడమే కట్లు పోవడానికి మొదటి కారణం. నీళ్లు రాతిని కదపలేక పక్కనున్న ఒడ్డును కోసుకుని చుట్టూ పోతాయి. అప్పుడు ఒర్రె ఇంకా వెడల్పవుతుంది, కట్టకముందు కన్నా పరిస్థితి హీనం.

పైభాగం ఎప్పుడూ సమంగా ఉండకూడదు. నడుమ 30 సెంటీమీటర్లు పల్లంగా, ఒడ్డుల వైపు ఎత్తుగా ఉంటే పొంగిన నీళ్లు నడిమి నుంచే దూకుతాయి. అవి పడేచోట మీటరు, మీటరున్నర దాకా పెద్ద రాళ్లు పరచండి, లేదంటే గుంట పడి కట్టు దిగువకు ఒరుగుతుంది. చిన్నరాళ్లు లోపలికి, 15 సెంటీమీటర్లకు మించినవి బయటికి, అన్నిటికన్నా బరువైనవి దిగువ ముఖానికి పెట్టాలి. కోణాలున్న రాయి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, గుండురాయి దొర్లుతుంది. వాలులో పాతుకుని మట్టిని ఆపుతున్న రాళ్లను పెకలించి తేవద్దు. కదిలి పడి ఉన్నవే ఏరుకోండి.

కట్ల మధ్య దూరానికి సూత్రం తేలిక. కింది కట్టు తల, పై కట్టు పాదం ఒకే మట్టంలో ఉండాలి. ఒర్రె వాలు 10 శాతం, కట్టు ఎత్తు మీటరు అయితే పది మీటర్లకొకటి. 20 శాతం అయితే అయిదు మీటర్లకొకటి. అంతకుమించి వాలున్న ఒర్రెలో ఉత్త రాతి కట్టు నిలవదు.

కింద ఊటకుంట, అది కూడా చివర్లో

పైన రెండు వానాకాలాలు గడిచి, ఒర్రెలో వచ్చే నీళ్లు ఎర్రగా కాకుండా తేటపడ్డాక ఊటకుంట గురించి, అంటే నీళ్లను నిలిపి నేలలోకి ఇంకించే కుంట గురించి ఆలోచించొచ్చు. మూడు మీటర్లకు మించిన మట్టికట్టను ఇంజినీరు లెక్క లేకుండా కట్టడం ప్రాణాలతో ఆట, కింద ఊరు ఉందని మరవద్దు. చిన్నకట్టకైనా మూడు సంగతులు తప్పనిసరి. కట్ట కింద గడ్డి, వేళ్లు, పైమట్టి తీసేసి, నడిమధ్యన గట్టినేల దాకా కందకం తవ్వి బంకమట్టితో కూరాలి. మట్టిని 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పోస్తూ తడిపి దిమ్మిస కొట్టాలి. అలుగును, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారిని, కొత్తగా పోసిన మట్టి మీద కాకుండా ఒడ్డున కదలని నేలలో పెట్టాలి. అలుగు చాలనప్పుడు నీళ్లు కట్ట మీదినుంచి పొర్లుతాయి. మట్టికట్ట మీదినుంచి ఒకసారి నీళ్లు పొర్లాయంటే దాన్ని ఆపడం దాదాపు అసాధ్యం.

గడ్డి, పశువులు, ఒప్పందం

కందకాలు కొన్నేళ్లలో పూడుతాయి. ఆ లోపు వాలు మీద గడ్డి, చెట్టు నిలబడితే ఇక కందకంతో పని లేదు. కాబట్టి అసలు పని గడ్డిదే, కందకం దానికి వ్యవధి ఇస్తుంది. తొలకరి పడిన వారంలోగా కొత్తగట్ల మీద స్టైలో లాంటి పశువుల మేత గింజలు, కానుగ, సీతాఫలం, వేప గింజలు వేయాలి. మొక్కలైతే కందకానికీ గట్టుకూ మధ్య వదిలిన అంచు మీద నాటాలి, చెమ్మ ఎక్కువకాలం నిలిచేది అక్కడే. కందకం అడుగున నాటితే నీళ్లు నిలిచి కుళ్లిపోతాయి.

మేపు ఆగకపోతే ఇదంతా మట్టిపాలు. అలాగని గుట్ట మొత్తాన్ని ఒక్కసారి మూసేస్తే మేకలవాళ్ల బతుకు మీద దెబ్బ కొట్టినట్టే. గుట్టను మూడు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని రెండు మూడేళ్ల చొప్పున మూసి, మూసినచోట గడ్డి కోసుకుపోవడానికి వారికే మొదటి హక్కు ఇవ్వాలి. హర్యానాలో చండీగఢ్‌కు దగ్గర్లో, శివాలిక్ కొండల కింద ఉన్న సుఖోమాజ్రి ఇందుకు మంచి ఉదాహరణ. 1970ల్లో చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడికతో నిండిపోతుంటే ఆ మట్టి వచ్చేది ఈ ఊరి పైనున్న బోడి కొండల నుంచేనని తేలింది. మట్టి పరిరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా అక్కడ ఊరివాళ్లతో కలిసి చిన్న కట్టలు కట్టించారు. ఆ నీటిలో భూమి లేనివాళ్లతో సహా ప్రతి ఇంటికీ సమాన వాటా వచ్చింది. కొండ మీదికి పశువులను వదలడం ఊరే మానుకుంది. కాపలా ఎవరూ పెట్టనక్కర్లేకపోయింది.

నీటి వాడకం మీద కూడా మొదటి తట్ట మట్టి ఎత్తకముందే కాగితం మీద మాట అనుకోవాలి. కారణం భూమి లోపల ఉంది. గట్టి బండ ఉన్నచోట నీళ్లు పట్టే సందులు చాలా తక్కువ, వందకు రెండు వంతులే అనుకోండి. అక్కడ 20 మిల్లీమీటర్ల నీళ్లు ఇంకితే నీటిమట్టం మీటరు లేస్తుంది. తోడినా అంతే వేగంగా పడిపోతుంది. గుట్ట పాదంలో ఒకరు కొత్తగా లోతు బోరు వేసి రాత్రీపగలూ నడిపితే ఊళ్ల కష్టమంతా ఆ ఒక్క గొట్టంలోంచి పోతుంది. తాగునీటి బావికి ఎంత దూరంలో బోరు వేయకూడదో, నీళ్లు ఎక్కువ తాగే పంటలు వేయాలా వద్దా, ఇవి రాసి అన్ని ఊళ్లవాళ్లూ సంతకాలు పెట్టాలి.

బావి కొలత, తొలివాన తర్వాత చూసుకోవాల్సినవి

పని మొదలుపెట్టే ఏడాది ముందు నుంచే కొలవండి, అప్పుడే తేడా తెలుస్తుంది. ప్రతి ఊళ్లో రెండేసి బావులు ఎంచుకుని, ఒరమీద చెరగని గుర్తు పెట్టి, వారానికొకసారి పొద్దున్నే మోటారు వేయకముందు టేపుకు బరువు కట్టి గుర్తు నుంచి నీటిదాకా లోతు రాసుకోండి. ఆ పక్కనే వాన కొలత కూడా రాయాలి. మంచివాన పడిన ఏడు బావి నిండితే అది మన కందకాల ఫలమని పొరబడొద్దు. ఒకే మోతాదు వాన పడిన రెండేళ్లను, ముఖ్యంగా ఎండాకాలపు మట్టాలను పోల్చి చూడాలి. ఆరు మీటర్ల అడ్డకొలత ఉన్న బావిలో మీటరు నీళ్లంటే 28 వేల లీటర్లు, కాబట్టి అర మీటరు తేడా కూడా చిన్నది కాదు.

తొలి పెద్దవాన పడుతుండగానే గొడుగు పట్టుకుని వాలు మీదికి వెళ్లాలి, ఉరుములు మెరుపులు లేకపోతేనే. ఎండాక వెళ్తే తెగిన గట్టు కనిపిస్తుంది కానీ ఎందుకు తెగిందో కనిపించదు. నిండుతున్న కందకం పక్కన కూర్చుని చూస్తే నీటి అంచు గట్టును ఒకే ఎత్తులో తాకుతుందో, ఒక మూలకు ఒరిగిందో తెలుస్తుంది. ఒరిగినచోట ముందు చిన్న బుడగలతో సన్నటి ధార మొదలై, అది నిమిషాల్లో చేతివెడల్పు గండి అవుతుంది. అప్పటికప్పుడు రెండు పారల మట్టి, ఒక పలకరాయి వేస్తే ఆగుతుంది. వానయ్యాక అక్కడ కందకం అడుగును కాదు, గట్టు తలను సరిచేయాలి.

రెండు రోజులు దాటినా నీళ్లు నిలిచే ఉన్న కందకం అడుగున సన్నటి ఒండ్రు పొర పట్టి ఉంటుంది. ఎండినాక గడ్డపారతో గీరి తీసేసి గట్టు మీద వేయండి. రాతికట్ల వెనక చేరిన మట్టిని మాత్రం ముట్టుకోవద్దు, అది మెట్టులా నిలిచి ఒర్రెను పూడ్చడమే మనకు కావాల్సింది. అందులో గడ్డి వేసి వదిలేయండి. మూడో ఏడు పూడిక తీయాల్సి వచ్చిన కందకాల పైనున్న వాలును మళ్లీ ఒకసారి నడిచి చూడండి. అంత మట్టి వస్తోందంటే పైన ఎక్కడో గడ్డి పట్టలేదు, లేదా ఎవరో కొత్తగా కాలిబాట వేసుకున్నారు. ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే పూడిక తీయాలి.